మేనేజరు గారి డబ్బా

మేళా గేటు దగ్గర అతను స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పువ్వులు తెస్తాడేమో, తెస్తే వాటిని పట్టుకుని మా కొవ్వూరు బస్సులో ఎలా వెళ్ళాలా అని నేను ముందురోజే దిగులు పడ్డాను. చాక్లెట్లు తెస్తే మాత్రం దారిలోనే తినేయవచ్చని ధైర్యం చెప్పుకున్నాను. స్టీలు డబ్బా గురించి ఏ ఏర్పాటూ చేసుకోలేదు.

అతను ట్రాక్టర్ల షోరూములో పని చేస్తాడు. వాళ్ళది ద్రాక్షారామం దగ్గర ఊరు. రాజమండ్రిలో గది తీసుకుని ఉంటాడు, సెలవు దొరికితే ఇంటికి వెళ్ళి వస్తాడు. నేను పని చేసేది అక్కడే కళ్ళజోళ్ళ షాపులో. మొదటిసారి కళ్ళజోడు కొనడానికి వచ్చాడు. తరవాత మర వదులైందని వచ్చాడు. బిగించి పంపితే, మళ్ళీ వదులైందని వచ్చాడు. ట్రాక్టరు నడిపినా అన్నిసార్లు వదులు కాదు కదా అని అనుకున్నాను గాని పైకి అనలేదు. ఆ తరవాత ఫోనుకి మెసేజి వచ్చింది. "కాలేజీ గ్రౌండులో చేతిపనుల మేళా పెట్టారండి. మీకు ఇంట్రెస్టు ఉంటే వెళ్దామా అండి." నేను "సరేనండి" అని పెట్టి, ఫోను బోర్లించి, ఎదురుగా కూర్చున్న పెద్దాయనకి ఇంకెవరిదో కళ్ళజోడు పెట్టి బాగా కనిపిస్తోందా అని అడిగాను. ఆయన చాలా మర్యాదస్తుడు, బాగానే ఉందన్నాడు.

ఇంట్లో షాపు పని అని చెప్పి వచ్చాను. మగపిల్లాడితో మేళాకి వెళ్ళడం నాకు అదే మొదలు. నాకున్న పట్టుదల ఒక్కటే. ఇంకోసారి కలుద్దామని నేను అడగను. అడిగితే అతనే అడగాలి. అతను అడగాలని మాత్రం నాకు చాలా ఉంది, అది ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. కాని అతని వాలకం చూస్తే, గేటు దాటి లోపలికి వెళ్దామని అడగడానికే పంచాంగం చూసేలా ఉన్నాడు.

"మీరు పదండి," అన్నాడు.

"పర్వాలేదు, మీరు పదండి," అన్నాను.

"అబ్బే, ముందు మీరండి."

ఆ గేటు ఒక్క మనిషి పట్టేంతే ఉంది. వెనక పిల్లల్ని ఎత్తుకున్న జనం పోగయ్యారు. "ఎవరో ఒకరు కదలండి బాబూ, మర్యాదలు లోపల చేసుకుందురు గాని," అని ఒకావిడ మా ఇద్దర్నీ కలిపి ఒక్క తోపు తోసింది. మా మొదటి అడుగు అలా పడింది.

లోపల వెదురు బుట్టలు, మట్టి కుండలు, కొయ్య బొమ్మలు, ఉప్పాడ చీరలు. మైకులో తప్పిపోయిన పిల్లల ప్రకటనలు. కాస్త నెమ్మదించాక అతను డబ్బా నా చేతిలో పెట్టాడు.

"ఏంటండి ఇది?"

"సున్నుండలండి. ఉత్త చేతుల్తో ఎలా వస్తానండి?"

"మీ అమ్మగారు చేశారా?"

"అవునండి. మా మేనేజరు గారికని చెప్పి చేయించానండి."

"మీ మేనేజరు గారికి సున్నుండలు అంత ఇష్టమా?"

అతను కొంచెంసేపు ఆలోచించాడు. "ఆయనకి షుగరండి," అన్నాడు.

అబద్ధం చెప్పేటప్పుడు అబద్ధానికి తగిన మనిషిని ఎంచుకోవాలి కదా. ఆ మాట అందామనుకుంటూ డబ్బా తిప్పి చూశాను. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు. వాళ్ళ ఇంటిపేరు, వాళ్ళ నాన్నగారి పేరు, ఊరి పేరు.

మా వైపు స్టీలు సామాను మీద పేరు చెక్కించకుండా అటక ఎక్కనివ్వరు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్ళిన గిన్నె తిరిగి ఇల్లు చేరాలంటే అదే దారి. ఇక మా అమ్మ సంగతి. ఆవిడకి ఒక ఇంటిపేరు దొరికితే చాలు, వాళ్ళ మేనత్తని ఎవరికిచ్చారో, ఆ మేనత్త ఆడపడుచు ఎవరితో మాట్లాడదో దాకా వెళ్ళిగాని ఆగదు. ఈ డబ్బా మా ఇంటి గడప తొక్కితే, తెల్లారేలోగా అతని వంశవృక్షం మా అరుగు మీద ఆరేసి ఉంటుంది.

"ఇది నేను ఇంటికి తీసుకెళ్ళలేనండి. ఒక కాగితం పొట్లంలో కట్టేసుకుంటాను, డబ్బా మీరు పట్టుకెళ్ళండి."

"కాగితంలోనా అండి? అది మా గేదె నెయ్యండి," అన్నాడు, వాళ్ళ గేదెని నేను ఏదో అన్నట్టు. "పైగా డబ్బా ఖాళీగా ఎలా తీసుకెళ్తానండి. మేనేజరు గారింట్లో ఏం పెట్టి ఇచ్చారని మా అమ్మ అడుగుద్దండి."

అందులో అన్యాయమేమీ లేదు. ఒకరింటి గిన్నె వాళ్ళకి తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసి ఇస్తారు. మా అమ్మ అయితే పక్కింటి గరిట తిరిగి ఇచ్చేటప్పుడు కూడా దాని మీద ఒక నిమ్మకాయ పెట్టి ఇస్తుంది. అంటే ఇప్పుడు డబ్బా నాతో రావడానికి లేదు, ఖాళీగా అతనితో వెళ్ళడానికి లేదు. ముందు దాన్ని ఖాళీ చెయ్యాలి, తరవాత నింపాలి. జనం మేళాకి వచ్చి చేతులు పట్టుకుని తిరుగుతారని విన్నాను. మేము డబ్బా పట్టుకుని తిరిగాము.

నరసాపురం వైపు నుంచి వచ్చిన లేసు అల్లేవాళ్ళ దుకాణం పక్కన ఒక బల్ల దొరికితే కూర్చుని తినడం మొదలుపెట్టాము. సున్నుండ గొప్ప పదార్థం, కాని పరిచయాలకి పనికొచ్చేది కాదు. ఒకటి నోట్లో వేసుకున్నాక కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేరు, పిండి అంగిట్లో అతుక్కుని కూర్చుంటుంది. ఇద్దరం ఎదురెదురుగా బుగ్గలు ఉబ్బించుకుని, ఒకరికొకరం తల ఊపుకుంటూ ఉన్నాము. ఎవరైనా చూస్తే పంటినొప్పితో వచ్చామనుకుంటారు.

అప్పుడే మైకులో ప్రకటన వచ్చింది. "గళ్ళ చొక్కా వేసుకున్న పెద్దాయన తప్పిపోయారు, వారి మనవరాలు స్టేజీ దగ్గర ఏడవకుండా ఐస్‌క్రీం తింటోంది, పెద్దాయన కంగారు పడకుండా రావాలి." నేను అతని వైపు చూశాను. అతనిదీ గళ్ళ చొక్కాయే. అతనూ తన చొక్కా చూసుకున్నాడు. సున్నుండ నోట్లో ఉండగా నవ్వకూడదని తెలిసీ నవ్వాడు. మినప్పిండి పొగలాగా లేచి, పక్క దుకాణంలో నల్లగుడ్డ మీద అందంగా పరిచిన లేసు మీద పడింది.

చచ్చాంరా దేవుడా అనుకున్నాను. లేసు అల్లే ఆవిడ సూది ఆపి చూసింది. "దులిపితే పోద్ది లేమ్మా, పిండేగా," అంది. "ఏంటి, సున్నుండలా?"

డబ్బా ముందుకు చాపక తప్పలేదు. ఆవిడ ఒకటి తీసుకుంది, తన పక్కావిడకి ఒకటి ఇచ్చింది. తిన్నాక చేతులు దులుపుకుని, ఒక చిన్న లేసు పువ్వు తీసి డబ్బాలో పెట్టింది. "అయ్యో, ఎందుకండి?" అన్నాను. "చేతులో పెడితే తిని ఊరుకుంటామా అమ్మా," అంది.

అతని ముఖం వెలిగింది. "ఈ పద్ధతేదో బాగుందండి," అన్నాడు. అక్కణ్ణుంచి మేము దుకాణం దుకాణానికీ సున్నుండలు పంచుకుంటూ వెళ్ళాము. అతను ప్రతిచోటా రెండు చేతులతో డబ్బా పట్టుకుని "తీసుకోండి, తీసుకోండి, ఇంకోటి తీసుకోండి" అని పెళ్ళి విడిదిలో మగపెళ్ళివారికి పెట్టినట్టు పెట్టాడు. ఉప్పాడ చీరలాయన చేతికి నెయ్యంటుతుందని భయపడి, నోరు తెరిచి పెట్టించుకున్నాడు.

కుండలు చేసే ఆయన దగ్గర, చూసేవాళ్ళు కూడా కుమ్మరి సారె తిప్పి చూడొచ్చని బోర్డు పెట్టారు. ఆయన సున్నుండ తింటూ, "మీరూ ఓ చెయ్యేసి చూడండి" అన్నాడు. అతను చొక్కా చేతులు మడిచి చాలా ధీమాగా కూర్చున్నాడు. మట్టి ముద్ద ముందు కుండలాగా లేచింది, తరవాత గొట్టంలా సాగింది, ఆ తరవాత దాని మనసులో ఏముందో గాని సగం విడిపోయి సరాసరి వచ్చి నా కళ్ళజోడు మీద కూర్చుంది.

నాకు రెండు కళ్ళూ చీకటి. అతను "అయ్యయ్యో" అంటూ లేచి, నా కళ్ళజోడు లాగి, జేబురుమాలుతో తుడవబోవడం మసకగా కనిపించింది.

"ఆగండి," అన్నాను. షాపులో వాడే గొంతు అది. "పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్ళతో కడగాలి. మీకు అమ్మిన రోజున చెప్పలేదూ?"

"చెప్పారండి."

"మరి?"

"ఆ రోజు మీరు చెప్పింది సరిగ్గా వినలేదండి. మీరు చెబుతుంటే చూస్తున్నానండి."

సారె దగ్గర చెంబులో నీళ్ళు తెచ్చి అద్దాలు కడిగాడు. ఆ పని చాలా నెమ్మదిగా, శ్రద్ధగా చేశాడు. కడుగుతూ తల ఎత్తకుండా అన్నాడు, "ఇంకోటి కూడా చెప్పాలండి. ఆ మరలు వాటంతటవి వదులవ్వలేదండి. నేనే తిప్పుకుని వచ్చేవాణ్ణి."

"తెలుసు," అన్నాను. "చివరిసారి ఎడమవైపు మర అసలు లేదు. అది తీసి జేబులో వేసుకునుంటారు."

"పర్సులో ఉందండి," అన్నాడు.

నేను చెయ్యి చాపి, కడిగిన అద్దాలు అందుకున్నాను. కళ్ళజోడు పెట్టుకున్నాక అతను మొదటికన్నా స్పష్టంగా కనిపించాడు, దానికి కారణం నీళ్ళతో కడగడమే కావచ్చు.

కుండలాయన డబ్బాలో ఒక చిన్న ప్రమిద వేశాడు. కొయ్యబొమ్మలాయన ఆఖరి సున్నుండ తిని, ఒక లక్క బొంగరం వేశాడు. మూత పెట్టి ఊపితే గలగలలాడింది. డబ్బా ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. ఇక చెయ్యడానికి ఏమీ మిగలలేదు.

గేటు బయటికి వచ్చేసరికి బస్సుల వైపు జనం నడుస్తున్నారు. నేను వీలైనంత నెమ్మదిగా నడిచాను. ఇప్పుడు అడుగుతాడు అనుకున్నాను. అతను గొంతు సవరించుకున్నాడు. కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. చెయ్యి చాపాడు.

"మరి... డబ్బా ఇస్తారా అండి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. ఊళ్ళో అందరికీ సున్నుండలు పంచాము, నా ముఖాన మట్టి కొట్టించుకున్నాను, ఆఖరికి ఇతనికి కావలసింది డబ్బా. ఇచ్చేద్దామని మూత మీద చెయ్యి వేశాను. లోపల బొంగరం దొర్లింది.

"షుగరున్న మేనేజరు గారు మీ అమ్మగారికి బొంగరం పంపించారంటే ఆవిడ నమ్ముతారా?" అన్నాను.

అతను ఆలోచించాడు. "నమ్మదండి."

"లేసు పువ్వు?"

"అసలు నమ్మదండి."

"అయితే ఇది మా ఇంట్లోనే సరిగ్గా నింపి ఇవ్వాలి."

"ఎప్పుడిస్తారండి?" అన్నాడు. ఆ అడగడంలో ఎంత ఆత్రం ఉందంటే, పక్కన బఠాణీలవాడు కూడా తల తిప్పి నా జవాబు కోసం చూశాడు.

"వచ్చే ఆదివారం," అన్నాను. అడగనని పట్టుబట్టిన నేను అడగలేదు. డబ్బాయే అడిగింది.

మళ్ళీ లోపలికి వెళ్ళి కొయ్యబొమ్మలాయన దగ్గర చిలక బొమ్మ స్టిక్కరు ఒకటి అడిగి తెచ్చి, డబ్బాలోవి నా సంచిలో వేసుకుని, మూత మీద పేరు కనిపించకుండా అంటించి, బస్సెక్కాను. వంతెన మీద గోదావరి గాలి కొడుతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక్క సంగతి మరిచిపోయాను. మా అమ్మ స్టీలు మీద స్టిక్కరు ఉండనివ్వదు. కొత్త గ్లాసు కొన్నా ముందు కొబ్బరినూనె రాసి, స్టిక్కరు జిగురు మొత్తం వదిలించిగాని నీళ్ళు తాగనివ్వదు. మర్నాడు నేను పళ్ళు తోముకుని వచ్చేసరికి చిలక ఎగిరిపోయింది. మూత అద్దంలా మెరుస్తోంది.

"ఇది ఎవరిదే?" అంది అమ్మ.

పొద్దున్నే కొత్త అబద్ధం ఎక్కణ్ణుంచి వస్తుంది? "మా మేనేజరు గారిది," అన్నాను.

"మీ మేనేజరు గారిది రావులపాలెం అన్నావు?"

"వాళ్ళావిడ పుట్టింటి డబ్బా."

"పుట్టింటివాళ్ళు వాళ్ళ పేరే చెక్కించి ఇచ్చారా?" అంది. ఆపైన ఏమీ అడగలేదు. అడగకపోవడం మా అమ్మ లక్షణం కాదు గాని, అప్పటికి గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. శనివారం పొయ్యి మీద బాణలి పెట్టి కజ్జికాయలు చేసి డబ్బా నింపింది.

ఆదివారం గోదావరి గట్టు మీద డబ్బా అతనికి అప్పగించాను. తరవాతి ఆదివారం అది ఉసిరికాయ పచ్చడితో తిరిగి వచ్చింది. "మేనేజరు గారి భార్య చెయ్యి చాలా గొప్పదంటోందండి మా అమ్మ. కజ్జికాయ పట్టుకుంటే విరిగిపోయేలా ఉందటండి," అన్నాడు. మా అమ్మ పచ్చడి నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. "మీ మేనేజరు గారింట్లో మెంతిపిండి తెలిసి వేస్తారే. ఉప్పు ఒక్క పిసరు ఎక్కువ," అంది. ఈసారి జంతికలు వెళ్ళాయి. బదులుగా తొక్కుడు లడ్డు వచ్చింది. ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు ఆడవాళ్ళు, ఏ పాపం తెలియని ఇద్దరు మేనేజర్ల పేరు మీద, పోటీపడి వండుకుంటున్నారు. మా షాపు మేనేజరు గారు, ఆయన పేరు చెప్పుకుని ఎంత నెయ్యి కరిగిందో తెలియక, మధ్యాహ్నం పెరుగన్నం తిని కునుకు తీస్తూ ఉండేవాడు.

మేమిద్దరం మాత్రం ఇంకా "అండి" దగ్గరే ఉన్నాము. కలవడం, డబ్బా ఇవ్వడం, వాళ్ళ అమ్మగారు ఏమన్నారో ఇతను చెప్పడం, మా అమ్మ ఏమందో నేను చెప్పడం, బస్సెక్కడం. నాకు లోపల భయం మొదలైంది. ఇతను నా కోసం వస్తున్నాడా, జంతికల కోసం వస్తున్నాడా? ఎవరైనా ఒకరోజు వండడం మానేస్తే మాకు కలవడానికి ఏముంది?

ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం అతను డబ్బా ఇచ్చాడు. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, తేలిగ్గా ఉంది. ఊపి చూశాను, చప్పుడు లేదు. ఖాళీ డబ్బా. వాళ్ళ అమ్మగారికి విసుగొచ్చిందన్నమాట, లేదా సంగతి తెలిసి ఇక చాలని చెప్పకుండా చెప్పిందన్నమాట.

"మీరు తెరిచి చూశారా?"

"లేదండి. మేనేజరు గారి చేతికే ఇవ్వమంది."

మూత తీశాను. లోపల తడిపిన అరిటాకు. ఆకు విప్పితే మల్లెపూల దండ, మధ్యమధ్య మరువం, ఒక జడకి సరిపడా.

అతనూ తొంగి చూశాడు. "ఇవెందుకు పంపించిందండి?" అన్నాడు నిజంగా అర్థం కాక. "మా మేనేజరు గారికి బట్టతలండి."

"మీ అమ్మగారు మేనేజరు గారి గురించి ఏమైనా అడిగారా?"

"అప్పుడప్పుడు అడుగుద్దండి. ఎలా ఉంటారు, ఎలా మాట్లాడతారు అని."

"మీరేం చెప్పారు?"

అతను గోదావరి వైపు తిరిగాడు. "మనకి లేనిపోనివి కల్పించి చెప్పడం రాదు కదండీ. కళ్ళజోడు పెట్టుకుంటారు, కోపం ఎక్కువ, కాని నవ్వితే చాలా బాగుంటారు అని చెప్పానండి. వాళ్ళది కొవ్వూరని కూడా చెప్పానండి." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. ట్రాక్టరు ఇంజను పట్టినంత ఆలస్యంగా అతనికి సంగతి పట్టింది.

నేను జడ ముందుకు వేసుకుని దండ పెట్టుకున్నాను. క్లిప్పు లేదు, రెండుసార్లు జారిపోయింది. అతను సాయం చెయ్యాలని చెయ్యి ఎత్తి, మళ్ళీ దించి, చివరికి డబ్బా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. తరవాత దాన్ని గట్టు మీద పెట్టాడు. కళ్ళజోడు తీసి, పొడి జేబురుమాలుతో గబగబా రుద్దుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. ఆ ఒక్కసారికి నేను కోప్పడలేదు.

"మరి ఈ డబ్బా?" అన్నాడు.

"ఇలా ఇవ్వండి," అన్నాను. "ఖాళీగా పంపితే మీ అమ్మగారు నన్నేమనుకుంటారు?"